పలుకును దిద్దుదమా, వాక్యమును దిద్దుదమా?

పిల్లల తెలుగు నానాటికి చెడిపోవుచున్నదను మాట తల్లిదండ్రుల నోటను, ఉపాధ్యాయుల నోటను ఏటేట వినుచున్నాము. చెడినది ఏదియని అడిగినచో పెక్కుమంది చెప్పు ఉత్తర మొక్కటే: ఉచ్చారణ చెడినదట. బాలుడు "ఎక్కడికి" అనక "యాడికి" అనెను. "వచ్చుచున్నాడు" అనక "వస్తాండాడు" అనెను. "భాష" అనవలసినచోట "బాస" అనెను. వెంటనే తరగతిలో నవ్వు పుట్టును, నోటుపుస్తకములో ఎర్ర సిరా పడును.

ఈ విషయమున మా అభిప్రాయము వేరు. దిద్దవలసినదానిని విడిచి, అంతగా దిద్ద నక్కరలేనిదానిపై మనము సిరా వ్యయపరచుచున్నాము. పలుకు మారుట జీవముగల ప్రతి భాషకును సహజము. ఆ మార్పు ఇచ్చవచ్చినట్లు గాక నియమము ననుసరించి జరుగును. వాక్యములో మాటలు కూర్చుండు వరుస మాత్రము మన తెలుగునందు దాదాపు పదునాలుగున్నర శతాబ్దములుగా చెక్కుచెదరక నిలిచియున్నది. నేడు కదలుచున్నది ఆ వరుసయే. దానిని చూచి నవ్వువారు లేరు, దిద్దువారును అరుదు.

ఇందులకు సాక్ష్యము మన కడప జిల్లాలోనే యున్నది. ఎర్రగుంట్ల మండలమందలి కలమళ్ళ గ్రామమున, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనము రేనాటి చోళరాజైన ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. క్రీ. శ. 575 ప్రాంతమునకు చెందినదని పండితులు నిర్ణయించిరి. అంతవరకును మన దేశమున రాజులు ప్రాకృతమునందును సంస్కృతమునందును శాసనములు వేయించుచుండగా, ఈ రేనాటి ప్రభువులు ప్రజల తెలుగును రాతిపై కెక్కించిరి. రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమునకు పూనుకొనుటకు నాలుగున్నర శతాబ్దములకు పూర్వపు మాట యిది. 2008వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము తెలుగునకు ప్రాచీనభాషాస్థానము నిచ్చినప్పుడు మన భాష యొక్క వయస్సును చెప్పుటకు ఈ రాళ్ళే తోడ్పడినవి.

ఆ శాసనములో రెండు మాటలు కలవు: "రేనాణ్డు ఏళన్". అనగా రేనాడు ఏలగా అని. విద్యార్థులు ఈ రెండు మాటలను కొంచెము నిలిచి చూడవలెనని మా కోరిక. శబ్దములను చూడుడు: నాణ్డు నేడు నాడైనది, ఏళ నేడు ఏలయైనది. రెండు మాటలలో ఏ ఒక్కటియు ఉన్నది ఉన్నట్లు మిగులలేదు. ఇక వరుసను చూడుడు: ఏలబడు దేశము ముందు, ఏలుట వెనుక. నేటి ఆరవ తరగతి బాలుడు "రేనాడు ఏలగా" అనియే వ్రాయును గాని "ఏలగా రేనాడు" అని వ్రాయడు. నాటి కమలాపురపు తాలూకాలోని ఎర్రగుడిపాడు శాసనమును ఆ కాలపుదే. అందులో "ఇచ్చిన పన్నస" అను మాట యున్నది. పన్నస యనగా దానముగా నిచ్చిన భూమి. పన్నస యను మాట నేడు ఎవరికిని తెలియదు. కాని "ఇచ్చిన" అను విశేషణము నామమునకు ముందు నిలుచు పద్ధతి నేటికిని మన ఇంటి తెలుగే: ఇచ్చిన అప్పు, వచ్చిన చుట్టము, ఎండిన చెరువు. మాట చచ్చినది, నడక బ్రదికినది.

ధ్వనుల మార్పునకు నియమ మున్నదంటిమి. తొలినాటి తెలుగు శాసనములలో ఴ అను అక్షర మొకటి కనబడును. తమిళులు నేటికిని దానిని పలుకుదురు; మనము పోగొట్టుకొంటిమి. పోయినది ఊరక పోలేదు, తన చోట డకారమును కూర్చుండబెట్టి పోయినది. తమిళుల ఏఴు మనకు ఏడు. వారి కోఴి మన కోడి. చోఴులు మన నేలపై చోడులైరి, పిమ్మట తెలుగుచోడులని పేరొందిరి. ఇట్లే శకటరేఫమైన ఱకారము. కలమళ్ళ శాసనములోని చిఱుంబూరి యను ఊరిపేరున అది స్పష్టముగా నున్నది. మన తాతలు ఏఱు, మాఱు అని శ్రమపడి వ్రాసిరి. చెవికి మాత్రము రెండు రేఫలును ఒక్కటై చాల కాలమైనది. అరసున్న సంగతియు అంతే. వాండు వాఁడై, వాఁడు వాడైనది.

ఇంకొక మార్పును ఇంటిలోనే చూడవచ్చును. క్రొత్త కొత్తయైనది, ప్రాత పాతయైనది, ప్రొద్దు పొద్దైనది, వ్రాయుట రాయుటయైనది, మ్రాను మానైనది. పదాదియందు హల్లుతో కూడిన రేఫము వరుసగా రాలిపోయినది. గ్రాంథికము రాజ్యమేలిన దినములలో "పొద్దు" అని వ్రాసిన బాలునకు తప్పు పడెడిది. నేడు "ప్రొద్దు" అని వ్రాసిన బాలుని చూచి తోడివారు నవ్వుదురు. తప్పు ఏది? కాలము తప్ప వేరొకటి లేదు. ఆంగ్లేయులకును ఇదే కలిగినది. కత్తియను అర్థముగల నైఫ్, తెలియుటయను అర్థముగల నో, వీనికి మొదట నున్న కకారమును వారి పూర్వులు నిజముగా పలికెడివారు. శబ్దము పోయినను వారు అక్షరమును విడువలేదు. స్పెల్లింగు పరీక్షలలో మన పిల్లలు కార్చు కన్నీటికి కారణము ఆ మొండితనమే.

ఆదోని, ఆలూరు ప్రాంతములనుండి మన జిల్లా పాఠశాలలకు వచ్చు పిల్లలలో కన్నడము ఎరిగినవారు కొందరుందురు. వారు ఈ శాస్త్రమునకు సగము పండితులు, వారికే తెలియదు. మన పాలు వారికి హాలు, మన పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్ళి, పంది హంది. ప ఉన్నచోట హ వచ్చి కూర్చున్నది. పాతకన్నడమున ఇవన్నియు పకారముతోనే యుండెను. పదవ శతాబ్ది ప్రాంతమున మార్పు మొదలిడి మెల్లమెల్లగా వ్యాపించెను. తెలుగువారు మాత్రము మారలేదా? కన్నడుల కై మనకు చేయి. వారి కివి మన చెవి. వారి కెరె మన చెరువు. ఇక్కడ మారినది మనము. ఇ, ఎ వంటి అచ్చులకు ముందున్న కకారము మన నోట చకారమైనది. ఎవరు ఎక్కడ మారిరో సరిహద్దు గ్రామపు బాలుడు వ్రేళ్ళపై లెక్కించి చెప్పగలడు. జర్మను పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో ఇటువంటి నియమమునే యూరపు భాషలలో చూపి కీర్తి గడించెను. సంస్కృతపు పితృ శబ్దమునకు ఇంగ్లీషున ఫాదర్, పాద శబ్దమునకు ఫుట్. అక్కడ ప ఉన్నచోట ఇక్కడ ఫ. గ్రిమ్ గ్రంథములలో వెదకినదానిని మన ఆదోని సంతలో పాలమ్ము స్త్రీ దినమంతయు పలుకుచున్నది.

తెలుగు, తమిళము, కన్నడము ఒక కుటుంబమువని, సంస్కృతమునుండి పుట్టినవి కావని మొదట అచ్చులో నిరూపించినవాడు మదరాసు కలెక్టరు ఎల్లిస్ దొర. 1816లో కాంబెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఆయన వ్రాసిన పీఠిక అందులకు మూలము. పిమ్మట 1856లో తిరునెల్వేలి మిషనరీయైన కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును వెలువరించెను. మిషను పాఠశాలలవారు ఈ రెండవ పేరును మరువరాదు. మన కాలమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961నాటి తమ గ్రంథమున తెలుగు ధాతువుల చరిత్రను సూక్ష్మముగా వివరించిరి. తమిళుల ఉరల్ మనకు రోలు ఎట్లయినది? వారి ఇరండు మన రెండెట్లయినది? ఉళ్ లోగా, ఉఴు దున్నుగా ఎట్లు మారినవి? నడుమనున్న హల్లు మొదటి అచ్చును దాటి ముందుకు వచ్చినది. చంటిబిడ్డ నోట అక్షరములు తారుమారగుటను చూచి మనము ముద్దుగా నవ్వుకొందుము. ఒకనాడు ఒక జాతి యంతయు అట్లే పలికి, ఆ పలుకునే వ్యాకరణయుక్తమైన తెలుగుగా చేసికొన్నది! రాయలసీమ రైతు దుక్కి దున్నునప్పుడెల్ల ఆ మార్పు ఆయన నోటనున్నది.

ఇప్పుడు "యాడికి", "వస్తాండాడు" సంగతికి వత్తము. "వస్తాండాడు" అనునది సోమరి నోటి మాట కాదు. వస్తా, ఉండాడు అను రెండు మాటలు కలిసి అయినది. ఉండు ధాతువు అందులో నిండుగా నున్నది. కోస్తా జిల్లాలవారి "వస్తున్నాడు" కూడ అట్లే రెండు మాటల కలయిక. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అనుటకు శాస్త్రమున ఆధారము లేదు. ఒకటి పత్రికల కెక్కినది, ఒకటి ఎక్కలేదు, అంతే. ప్రశ్నార్థకములకు మొదట యాకారముండుట ప్రాచీన తమిళమునందును కలదు: యార్, యాదు, యాంగు. మన యాడ అంత పురాతనమని మేము వాదింపము. కాని దానిని పలికిన బిడ్డ నోరు తిరుగనివాడని చెప్పుట మాత్రము అజ్ఞానము. "బాస" సంగతి మరియు వినోదము. అది భాషా శబ్దమునకు తద్భవమే. మన నిఘంటువులలో గౌరవముగా నున్నది.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో సీమనుండి వచ్చిన విద్యార్థులు మాదిరిపాఠము చెప్పుటకు లేచినంతనే వెనుక వరుసలలో గుసగుసలు పుట్టెడివి. అందుచే కొందరు పాఠము బాగుగ నెరిగియు నోరు విప్పుటకే జంకిరి. ఆ జంకును వారు తమ బడులకు తెచ్చిరి; బడినుండి అది పిల్లలకు సంక్రమించినది. నేడు తరగతిలో ప్రశ్న అడిగినప్పుడు సమాధానము తెలిసియు తలవంచుకొను పల్లెటూరి బాలికను చూచినప్పుడెల్ల ఈ సంగతి మనస్సున మెదలును. ఆమెకు గణితము రాదని కాదు, నోరు తెరచిన నవ్వుదురని భయము. ఈ నష్టమునకు అరసున్నలు, శకటరేఫలు ఎన్ని చేర్చినను పరిహారము కాదు.

కడపవారికి ఈ విషయమున ఒక మేలుబంతి కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కలెక్టరు సహాయోద్యోగిగా ఈ పట్టణమునకు వచ్చి, ఇచ్చటనే తెలుగు సాధన చేసి, తరువాత ఇచ్చట ఒక బంగళాను కొని పండితులను కూర్చుండబెట్టి గ్రంథములను పరిష్కరింపజేసెను. ఆ స్థలముననే నేడు ఆయన పేరిట గ్రంథాలయమును, భాషాపరిశోధనకేంద్రమును ఉన్నవి. 1852నాటి ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును తెరచి చూచినచో, పండితులు తృణీకరించిన వాడుకమాటలు కావ్యశబ్దముల సరసనే కూర్చుండియుండును. ఆ దొరకు నవ్వు రాలేదు, వ్రాసికొనెను.

ఇక వాక్యపు నడక. తెలుగున కర్త, కర్మ, క్రియ యను వరుస. క్రియ తుదను నిలుచును. దీనితోపాటు మరికొన్ని లక్షణములు గుంపుగా వచ్చును: విభక్తులు నామమునకు వెనుక, విశేషణములు ముందు, షష్ఠి ముందు. చెట్టు క్రింద, రాముని ఇల్లు, నిన్న వచ్చిన ఉత్తరము. అమెరికా పండితుడు జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ముప్పది భాషలను పోల్చి, క్రియ తుదనుండు భాషలలో విభక్తులు నామమునకు వెనుకనుండుట దాదాపు తప్పదని చూపెను. ఆ ముప్పదిలో మన పొరుగైన కన్నడము నున్నది; జపానీయుల భాష, తురుష్కుల భాషయు నున్నవి. ఒక గోడను కదపినచో ఇల్లంతయు కదలునని దీని భావము.

ఇంగ్లీషు చరిత్రము ఇందులకు మంచి దృష్టాంతము. వేయి సంవత్సరముల క్రిందటి ఇంగ్లీషున నామములకు విభక్తి ప్రత్యయము లుండెను. కర్త యెవరో కర్మ యెవరో ప్రత్యయమే చెప్పెడిది గనుక మాటల వరుసకు కొంత స్వేచ్ఛ యుండెను. పదముల తుది అచ్చులు అరిగి ప్రత్యయములు రాలిపోగా, కర్తను క్రియకు ముందును, కర్మను క్రియకు వెనుకను బిగించి కట్టుకొనుట వారికి విధిలేని పనియయ్యెను. ధ్వనుల అరుగుదల వాక్యమునే మార్చివేసినదన్నమాట. మనకు ఆ యవసరము రాలేదు. ఎన్ని ధ్వనులు మారినను ను, కు, తో, వలన అను ప్రత్యయములు మనకు నిలిచినవి. "పామును ముంగిస చంపెను" అన్నను, "ముంగిస పామును చంపెను" అన్నను చచ్చినది పామే. ఇంగ్లీషున ఆ రెండు పేర్లను తారుమారు చేసిన ముంగిస చచ్చును. ఇంత సౌకర్యము మనకుండగా, లేమిచే కట్టుకొన్న వారి కట్టుబాటును మనమెందుకు తెచ్చుకొనవలెను?

కాని తెచ్చుకొనుచున్నాము. పై తరగతుల వ్యాసములను దిద్దునప్పుడు మాకు కనబడు వాక్యములు ఇట్టివి: "వాడు బడికి రాలేదు, ఎందుకనగా వానికి జ్వరము వచ్చెను." ఇంటిలో ఆ పిల్లవాడే "జ్వరమొచ్చి బడికి రాల్యా" అని చక్కని తెలుగు పలుకును! "అతడు చెప్పెను తాను రానని." "నేను కలిగియున్నాను ఇద్దరు తమ్ములను." "ఈ పద్యము వేమనచేత చెప్పబడినది." "అన్న మరియు తమ్ముడు మరియు చెల్లెలు." వీనిలో అక్షరదోష మొక్కటియు లేదు. ఉచ్చారణయు నిర్దుష్టము. అందుచే ఎర్ర సిరా తగులకుండ దాటిపోవును, మంచి మార్కులును వచ్చును. "ఈ పద్యమును వేమన చెప్పెను" అని, "అన్నయు తమ్ముడును చెల్లెలును" అని వ్రాయుట ఈ బిడ్డలకు చిన్ననాడే తెలుసును. మరపించినది మన బోధనయే. ఇంగ్లీషు వాక్యమును మాటకు మాటగా తెలిగించి కంఠస్థము చేయించు గైడుపుస్తకములు ఈ పాపములో పెద్ద భాగస్థులు.

మిషనువారమైన మనకును ఇందులో పాలు కలదు. దాచుట న్యాయము కాదు. బైబిలును తెలుగుచేయ మొదలిడినవారు, పదునెనిమిదవ శతాబ్దమున మదరాసునందు బెంజమిన్ షుల్జ్, 1805 తరువాత విశాఖపట్టణమునందు డెస్ గ్రాంజెస్, ఎంత కష్టమున కోర్చిరో చెప్పనలవి కాదు. హెబ్రీ భాషలో సాధారణముగా క్రియ ముందు వచ్చును. ఆదికాండపు మొదటి వాక్యములో సృజించుట యను మాట రెండవది, దేవుడను మాట మూడవది. ఆకాశములును భూమియు తుదను వచ్చును. ఆ క్రియను కడకు తెచ్చి నిలుపనిదే తెలుగు కాదు. అనువాదకులు దానిని చక్కగా గ్రహించిరి. అయినను పవిత్రగ్రంథమను భయభక్తులచే మూలమునందలి కూర్పులను, సముచ్చయములను విడువలేక కొన్నిచోట్ల అట్లే నిలిపిరి. గ్రంథమునందు అది క్షమింపదగినది. దానిని అనుకరించి మన ప్రసంగములలోను, సంఘ నివేదికలలోను "ప్రార్థన చేయబడెను, కానుకలు ఎత్తబడెను, విందు భుజింపబడెను" అని చెప్పుట క్షమింపదగినది కాదు. పొలములో సువార్త చెప్పు బైబిలు స్త్రీలు ఇట్లు మాటలాడినచో వినువా రుందురా? వారు మాటలాడరు. వారి తెలుగు మన నివేదికల తెలుగుకంటె మేలైనది.

ఉచ్చారణను గాలికి వదలుమని మేము చెప్పుచున్నామని ఎవరును తలపరాదు. సంస్కృతపదములను వ్రాయునప్పుడు ఒత్తులు తప్పక వ్రాయవలెను. ధనము దనము కారాదు, ఫలము పలము కారాదు. సభలో చదువునప్పుడు పదిజిల్లాలవారికి తెలియునట్లు చదువుట అలవరచుకొనవలెను. అది మర్యాద. పెండ్లికి వెళ్ళునప్పుడు మంచి వస్త్రము కట్టుట వంటిది. ఇంటి వస్త్రము నేరమని దాని అర్థము కాదు.

రాబోవు విద్యాసంవత్సరమునకు తెలుగు ఉపాధ్యాయులకు మా సూచన యిది. వ్యాసములు దిద్దునప్పుడు మొదట వాక్యపు నడకకు గుర్తు పెట్టుడు, పిమ్మట అక్షరములకు. బాలుడు తప్పు నడకతో వ్రాసిన వాక్యమును "మీ జేజికి ఎట్లు చెప్పెదవు?" అని అడిగి, ఆమెకు చెప్పునట్లు చెప్పించి, దానినే వ్రాతతెలుగున పెట్టించుడు. ఈ ఉపాయమును మేము రెండేండ్లుగా ఎనిమిదవ తరగతిలో వాడుచున్నాము. పిల్లలు నవ్వుచు నేర్చుకొనుచున్నారు, ఈసారి నవ్వు ఒకరిని చూచి కాదు. గసడదవాదేశ సంధి చెప్పు దినమున, ప్రోలు వోలుగా మారుటచేతనే కందనవోలు అను పేరు ఏర్పడినదని, అదియే మన కర్నూలని నల్లబల్లపై వ్రాసి చూపుడు. వ్యాకరణసూత్రము ఊరిపేరులో నున్నదని తెలిసినచో వారు దానిని మరువరు. తల్లిదండ్రులు సెలవులలో పిల్లలను చుట్టముల ఇండ్లకు పంపునప్పుడు, అచ్చటి ముసలివారు వాడు మాటలను ఒక పుస్తకమున వ్రాసికొని రమ్మని చెప్పవలెను. గత వేసవిలో అట్లు వచ్చిన పుస్తకములలో ఒకదానియందు మొబ్బు, రొంత, బిరీన, కసువు మొదలైన మాటలు నాలుగు పుటలు నిండియున్నవి. చీకటి అని మనము వ్రాయుచోట మొబ్బు అని వ్రాసి, కన్నడమున మబ్బు అందురని ప్రక్కన చేర్చిన ఆ బాలిక ఆదోని వైపునుండి వచ్చినది. ఆ పుస్తకము ప్రస్తుతము మా పాఠశాల గ్రంథాలయమున నున్నది, అడిగిన వారికి చూపుదుము.